అవ్వ ఒక్కపొద్దు

దయ్యం పట్టిందని ఎవరైనా నా దగ్గరికొస్తే, వెళ్లి నిద్రమాత్రకు చీటీ రాయించుకురమ్మని పంపే రకం నేను. జనగామ బస్టాండు దగ్గర మెడికల్ షాపు నాది. అయినా మా బాపు విషయం మాత్రం నాకు మింగుడు పడదు.

బాపుకు అన్నవాహికలో గడ్డ తీశారు. ఆస్పత్రిలో ఆయనకు తోడు నేనే. ఒకప్పుడైతే ఇలాంటి వాళ్లను కుట్టు మానేదాకా పస్తుంచేవారట. తర్వాత రబ్బరు గొట్టంలో పాలు, గుడ్డు కలిపి పోసేవారట. ఇప్పుడు పేగులోకి సన్నటి గొట్టం వేసి మర్నాడే తిండి మొదలుపెడుతున్నారు. ఒంట్లో సత్తువ ఉంటేనే కుట్టు మానుతుందని డాక్టరు చెప్పాడు.

గొట్టంలో తిండి చక్కగానే దిగుతోంది. బాపుదే ఒకటే గోల.

"ఆకలైతాందిరా! పేగులు మాడుతున్నయి."

"కడుపు నిండ పోస్తున్నం గదా బాపూ!"

"నా ఆకలి కాదురా. మీ అవ్వది. అది తింటలేదు."

మా అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఆమె దేవరుప్పులలో మా ఇంట్లో, మా అన్నావదినల దగ్గర ఉంది. మందుల మత్తులే అనుకుని నవ్వాను.

ఆ సాయంత్రం, 'అది తినంది నాకెందుకిది?' అంటూ బాపు గొట్టం పీక్కోబోయాడు. అది ఊడితే మళ్లీ కత్తి పెట్టాల్సిందే. ఆ ఒంటికి ఇంకో ఆపరేషన్ తట్టుకునే శక్తి లేదు. బాపు చెయ్యి గట్టిగా పట్టుకునే ఇంటికి ఫోన్ చేసి, తింటున్నావా లేదా అని అవ్వను అడిగాను.

"మీ బాపు నోట్ల ముద్ద పెట్టేదాక ఒక్కపొద్దున్న కొడుకా. చాయ తప్ప ఏం ముట్టలే. ఎవ్వలకు చెప్పలే" అంది అవ్వ.

నాకు ఒళ్లు మండింది. "నీ ఉపాసం పాడుగాను! నువ్వు తింటెనే ఆయిన గొట్టం ఉంచుకుంటడు. ముందు బువ్వ తినవే అవ్వా!"

కాసేపటికి బాపు గట్టిగా తేన్చాడు. "చింతచిగురు పప్పు. మీ వదిన ఉప్పెక్కువేసింది" అన్నాడు కళ్లు మూసుకునే. వదినకు ఫోన్ చేసి అడిగాను. పప్పు అదే, ఉప్పూ ఎక్కువే!

ఈ సంగతి తెలిశాక ఇక మా అవ్వ ఆగుతుందా! నాటుకోడి, సర్వపిండి, ఆయనకు ఇష్టమైనవన్నీ వండించుకుని తింది. బాపు ఇక్కడ మంచం మీద లొట్టలేశాడు. మళ్లీ గొట్టం జోలికి పోలేదు. కుట్టు మానింది. "శభాష్ పెద్దాయనా!" అన్నాడు డాక్టరు.

నోటితో తినొచ్చన్న పూట, క్యాంటీన్ పెరుగన్నం మెత్తగా పిసికి బాపు నోట్లో పెట్టాను. ఇంటికి ఇంకా చెప్పనేలేదు. ఫోన్ మోగింది. అవ్వ.

"పెరుగన్నంల అల్లం ముక్క ఎందుకేసిండ్రురా? ఆయినకు పడదు!"

తిరిగి చూస్తే, బాపు నాలుక మీది అల్లం ముక్క తీసి చూపిస్తూ నవ్వుతున్నాడు.

ఆమెకెలా తెలిసిందో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. అప్పుడు మాత్రం పట్టరాని సంతోషంతో ఈల వేశాను. సిస్టర్ వచ్చి తిట్టిపోసింది.