నేను దాచిన జబ్బు

అమ్మ తప్పిపోయినప్పుడు, పోలీసుల ప్రకటన ఆలస్యంగా వచ్చిందని బంధువులందరికీ చెప్పాను. అది అబద్ధం. ఆ ప్రకటన, ఆమె ఫొటోతో సహా, గంటలోనే ఊరివాళ్ల ఫోన్లకు చేరింది. కానీ పరువు పోతుందని, ఆమెకున్న మతిమరుపు జబ్బు సంగతి పోలీసులకు నేనే చెప్పలేదు.

మేముండే ఈ తమిళ ఊళ్లో, నెల్లితోపు మార్కెట్లో పూలమ్మే తెలుగావిడ ఆ ఫొటో చూసి, అమ్మను గుర్తుపట్టి ఆపిందట.

"ఏందమ్మా, నిన్ను మీవాళ్లు ఎతకతా ఉండారంట?"

"తప్పిపోయేదానికి నేనేమన్నా చంటిబిడ్డనా? ఇంటికే పోతా ఉండా."

అంత తెలివిగా చెప్పిన మనిషిని ఆమె నమ్మి పంపేసింది. "జబ్బని ఒక్క మాట తెలిసుంటే చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టుందును గదన్నా" అని తర్వాత నా ముందు ఏడ్చింది.

ఎనిమిది నెలలైనా అమ్మ దొరకలేదు. టౌన్‌బస్సులో ముసలావిడ ఎవరెక్కినా, సీటు ఇవ్వడానికన్నట్టు లేచి, ముందు ముఖం చూస్తాను.