అసిరమ్మ అట్టేపెట్టుకున్న చరణం

పాత గాజువాక జంక్షన్‌లో సిగ్నల్ పక్కన పెద్ద తెర ఒకటుంది. పొద్దుట్నుంచి దాని మీద ప్రకటనలు తిరుగుతూనే ఉంటాయి. దాని నీడలోనే అసిరమ్మ ఎండాకాలం ముంజలు, చలికాలం తేగలు పెట్టుకుని అమ్ముతుంది. పోయిన వేసవిలో ఓరోజు ముంజకాయ కొడుతుంటే నెత్తి మీంచి తన గొంతే తనకు వినిపించింది. కత్తి ఆగిపోయింది. తలెత్తి చూస్తే తెర మీద పట్టుచీర కట్టిన చక్కని అమ్మాయి కారు దిగుతూ పెదవులు కదుపుతోంది. గొంతు మాత్రం అసిరమ్మది. కింద ఏవో అక్షరాలు పరుగెడుతున్నాయి.

ముంజలు కొనడానికి నిలబడ్డ కాలేజీ పిల్లను అడిగింది.

"పాపా, ఆ కింద ఏటి రాసినారమ్మా? మొగలిపాడు అని ఉందేటి?"

"లేదాంటీ. ఉత్తరాంధ్ర జానపదం అని ఉందంతే."

"సరిగ్గా సూడమ్మా. మొగలిపాడు."

"లేదాంటీ. అయినా పాట బాగుంది కదా! మా కాలేజీలో అందరూ రీల్స్ చేస్తున్నారు."

"బాగుంది తల్లీ" అంది అసిరమ్మ. ముంజలు ఆకులో చుట్టి ఇచ్చింది. ఆ వేసవంతా తన గొంతు కిందే కూర్చుని, అది తనదని ఏ ఒక్కరికీ చెప్పకుండా కాయలు కొట్టుకుంది.

ఆ పాట ఎక్కడ పాడతారో తెలిస్తే ఆ పిల్ల రీలు చేసేది కాదు.

మొగలిపాడు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న నేలలో కలిసిపోయింది. అప్పటికి అసిరమ్మది పరికిణీ వయసు. ఊరిని ఖాళీ చేయించి జనాన్ని గాజువాక అవతల కాలనీలో దించారు. కాలనీలో మొదట పోయింది అసిరమ్మ నాయనమ్మ. పోయేముందు ముసలామె ఒకటే గోల. "మనోల్లందరూ మొగలిపాడు వల్లకాట్లో ఉన్నారు. నానిక్కడ సచ్చి అక్కడికెలా ఎల్తానర్రా? నాకు దారి తెల్దు."

ఆమెను పాడె మీద పడుకోబెట్టాక అసిరమ్మ తల్లి ముందుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని, కాలనీ వీధి మొదలుకొని మొగలిపాడు దాకా ఒక్కో గుర్తూ చెబుతూ పాట అందుకుంది. కాలనీ వీధి దాటినావా? జీడితోపు దాటినావా? ఉప్పుటేరు దాటినావా? దాలినాయుడి మెట్ట దాటినావా? ప్రతి మాటకూ పోయిన మనిషి తరఫున అయినవాళ్లెవరో "దాటినాను" అని బదులు చెప్పాలి. పోయింది అత్త అయితే అత్తా అని, బావ అయితే బావా అని పిలుస్తూ అడుగుతారు. మధ్యలో బదులు తప్పినా, వేరే చోటి పేరు దొర్లినా ఆ మనిషి దారి తప్పినట్టే. మళ్లీ కాలనీ వీధి నుంచి మొదలెట్టాలి.

అప్పట్నుంచి కాలనీలో ఎవరు పోయినా అదే పాట. ఎవరి పొలం గట్టు వాళ్లు అందులో చేర్చుకుంటూ పోయారు. తల్లి తర్వాత అడిగే వంతు అసిరమ్మకు వచ్చింది, బదులు చెప్పే వంతు ఆమె అప్ప, అంటే అక్క, కాసులమ్మకు. దానికి చావు పాట అన్న పేరు లేదు. ఆ మాట ఎవరూ నోటితో అనరు. దారి పాట అంటారు. ఆఖరి చరణం మాత్రం పాడె ముందు తప్ప ఎక్కడా పాడరు.

ఆ వేసవికి కొన్నాళ్ల ముందు, సీతమ్మధారలో రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్న దేవీప్రసాద్ ఓ మహిళా సంఘం సభలో అసిరమ్మ నాట్ల పాటలు విన్నాడు. కారు పంపి పిలిపించాడు. కాఫీ ఇప్పించాడు. మర్యాద తెలిసిన మనిషే. నాలుగైదు పాటలయ్యాక అడిగాడు.

"మీ ఊరి మీద పాటేదైనా ఉందామ్మా?"

"ఉంది గానీ బాబూ, అది ఉత్తినే పాడేది కాదు."

"పాడండమ్మా. మీ ఊరు పోయిందన్నారు కదా. మీరు పాడితే ఆ ఊరి పేరు దేశమంతా వినిపిస్తుంది."

ఆ ఒక్క మాటకు అసిరమ్మ లొంగిపోయింది. నలభై ఏళ్లుగా ఆ ఊరి పేరు రాసిన బోర్డు ఎక్కడా లేదు. బస్సుకు లేదు, బడికి లేదు. కాలనీకి కూడా అంకె వేశారు గానీ పేరు పెట్టలేదు. దేశమంతా వినిపిస్తుందంటే ఎవరు కాదంటారు? కళ్లు మూసుకుని పాడింది. తానే అడిగి తానే బదులు చెప్పుకుంది. ఆఖరి చరణం మటుకు నాలుక చివరే ఆపేసింది.

"పాట ఇంతేనా అమ్మా? ఏదో మిగిలిపోయినట్టుంది."

"ఇంతే బాబూ."

అది పాడె ముందు పాడేదని చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆయన పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, దీపం పెట్టి పని మొదలెట్టాడు. శుభమా అని మొదలెట్టిన ఇంట్లో చావు మాట ఎత్తడమేమిటని నోరు కట్టుకుంది. సంతకం పెట్టమన్నచోట పెట్టింది. ఇచ్చిన సొమ్ముతో కాలనీలో అమ్మవారి గుడి ముందు రేకుల పందిరి వేయించింది.

దేవీప్రసాద్ ఆ పాటను ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి ఇచ్చాడు. కంపెనీ "దాటినావా" అన్న పిలుపు వరకు అసిరమ్మ గొంతు ఉంచుకుని మిగతాది మార్చేసింది. జీడితోపు పోయి ఆర్చి గేటు వచ్చింది. ఉప్పుటేరు పోయి స్విమ్మింగ్ పూలు వచ్చింది. దాలినాయుడి మెట్ట స్థానంలో క్లబ్ హౌసు. పాటకు ముగింపు లేదని తోచిందేమో, "మన ఇల్లొచ్చింది బంగారూ" అని వాళ్లే ఒకటి తగిలించుకున్నారు.

కాలనీ అట్టుడికిపోయింది. ఓ సాయంత్రం అసిరమ్మ బుట్ట దించి గుడి ముందుకు రాగానే షేర్ ఆటో నడిపే సాయిశంకర్ అందుకున్నాడు. కాసులమ్మ కొడుకతను.

"వచ్చినావా సిన్నమ్మా? మా అమ్మమ్మ పాటకి రేటెంత కట్టినారేటి?"

"నా ఆటో రేడియోలో కూడా అదే ఏత్తన్నారు బావా" అని పక్కనున్న మణికంఠ నవ్వాడు. "క్లబ్ హౌసు దాటినావా అంటే పాసింజర్లు దాటినాను అంతన్నారు."

పెద్దాయన గురునాథరావు గొంతు సవరించుకున్నాడు. "అది నీ ఒక్కదాని పాట కాదు అసిరమ్మా. అందులో మా గట్టు కూడా ఉంది. అమ్మేసుకునే ముందు ఓ మాట అడగాల కాదేటి?"

అసిరమ్మ పైన రేకుల వైపు చూసింది.

"అడగాల బావా. తప్పే. మరి ఊరిచ్చేసిన్నాడు సంతకాలు ఎవులెట్టినారు? మీ మగోల్లే కదేటి? మా అమ్మనడిగినారా? నన్నడిగినారా? మీరు ఊరిచ్చేత్తే ఏటీ కాదు. నాను ఊరి పేరు నలుగురికీ ఇనబడాలని పాడితే అమ్ముడుపోయినానా?"

సాయిశంకర్ నోరు ఊరుకోలేక "మరి ఇనబడిందా?" అన్నాడు.

అసిరమ్మ బుట్ట ఎత్తుకుని ఇంటికెళ్లిపోయింది.

పేరున్న గాయకుడు తన పాటను సబ్బుల కంపెనీకి ఇస్తే దాన్ని వ్యాపారం అంటాం, మెచ్చుకుంటాం కూడా. ముంజలమ్ముకునే ఆడది ఇస్తే అమ్ముడుపోయింది అంటాం. ఆ గాయకుడికి లాయరుంటాడు, పాట కింద పేరుంటుంది, మాట మారిస్తే కోర్టుంటుంది. అసిరమ్మకు ఉన్నదల్లా ఎదుటివాడి మాట మీద నమ్మకం. పాట అమ్ముకోవచ్చా, కూడదా అని వాదించుకునే ముందు, అమ్మినామెకు ఏం అమ్ముతోందో ఎవరైనా చెప్పారా అని అడగడం న్యాయం.

చలికాలం వచ్చేసరికి కాసులమ్మ మంచం పట్టింది. కేజీహెచ్ ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపొమ్మన్నారు. అసిరమ్మ తేగల బుట్ట మూలన పెట్టేసి అప్ప పక్కనే కూర్చుంది. కాసులమ్మకు ఆ స్థితిలో కూడా వెటకారం పోలేదు.

"ఒలే, నాను పోయినప్పుడు నువ్వే పాడాల."

"ఊరుకో అప్పా. ఏటా మాటలు?"

"ఊరుకుంటానులే, బేగినే ఊరుకుంటాను. కానీ దారిలో ఆ ఈతకొలను కాడ మాత్రం దింపీకే. నాకు ఈత రాదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి కాసులమ్మకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"నవ్వులాటకి కాదే. నాకు ఉప్పుటేరు కావాల. మొగలి డొంకలోంచి వచ్చే గాలి కావాల. నన్ను సరిగ్గా తీసుకెల్లు."

రెండు వారాలు తిరక్కుండానే ఓ పొద్దున్న కాసులమ్మ పోయింది.

పాడె వీధిలోకి వచ్చింది. అసిరమ్మ కొంగు నడుముకు చుట్టి ముందు నిలబడింది. ఇన్నేళ్లూ బదులు చెప్పిన మనిషి ఇప్పుడు పాడె మీద ఉంది. బదులు చెప్పాల్సింది సాయిశంకర్. కుండ పట్టుకుని తల్లి పక్కన నిలబడ్డాడు. వెనక కోడళ్లు, ఆడపిల్లలు వంత కలపాలి.

"కాలనీ వీధి దాటినావా, అప్పా?"

"దాటినాను, సెల్లే."

"జీడితోపు దాటినావా, అప్పా?"

"దాటినాను, సెల్లే."

అసిరమ్మ ఉప్పుటేరు అనబోయి ఊపిరి తీసుకుంది. ఆ సందులో వెనకనున్న పిల్లల్లో ఎవరో అలవాటు కొద్దీ "స్విమ్మింగ్ పూలు" అనేశారు. కావాలని అన్నది కాదు. వేసవి నుంచి చెవుల్లో నానిన మాట నోటికొచ్చేసింది. ఆ మాట అన్న పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అసిరమ్మ ఆపింది. మళ్లీ కాలనీ వీధి నుంచి మొదలెట్టింది. ఈసారి ఉప్పుటేరు దాటింది. దాలినాయుడి మెట్ట దగ్గర దాటినాను అనబోయిన సాయిశంకర్ నోట "క్లబ్..." అని సగం వచ్చి ఆగిపోయింది. రోజూ అతని ఆటోలో మోగేదే. మళ్లీ మొదటికి. దూరంగా శ్మశానానికి తీసుకెళ్లే వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. గురునాథరావు అతని వైపు చెయ్యెత్తి ఆగమన్నాడు.

"సిన్నమ్మా" అన్నాడు సాయిశంకర్. "నాకు రావట్లేదే. మా అమ్మ ఇక్కడే ఉండిపోద్దేటి?"

అసిరమ్మ వెనక్కి వచ్చి అతని పక్కన నిలబడింది. అక్కణ్ణుంచి ప్రతి గుర్తూ ముందుగా అతని చెవిలో చెప్పింది, తర్వాత గట్టిగా అడిగింది. కాలనీ వీధి. జీడితోపు. ఉప్పుటేరు. దాలినాయుడి మెట్ట. గురునాథరావు గారి గట్టు. మొగలి డొంక. ఒక్కోదానికీ బదులొచ్చింది. వెనక పిల్లలు ఈసారి నోరు మెదపకుండా విన్నారు.

ఇక ఆఖరి చరణం. స్టూడియోలో పాడనిది, తెర మీదికి ఎక్కనిది, ఏ కంపెనీకీ దొరకనిది.

"ఊరొచ్చిందా, అప్పా?"

దాని బదులు అసిరమ్మ అతని చెవిలో చెప్పింది. అతను తల్లి తరఫున అన్నాడు.

"వచ్చింది, సెల్లే. నువ్వెనక్కెల్లు."

అసిరమ్మ తిరిగి చూడకుండా వెనక్కి నడిచింది. అదే ఆచారం. ఇల్లు చేరాక గడపలో కూర్చుని, ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించే వైపు ముఖం పెట్టి సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "అప్పకైతే నానున్నాను. నన్నెవులు దాటిస్తారు?"

ఈ వేసవిలో అసిరమ్మ మళ్లీ ఆ తెర కిందే ముంజలు అమ్ముతోంది. సాయిశంకర్ తన ఆటోలో ఆ ప్రకటన రాగానే రేడియో కట్టేస్తున్నాడు. ఖాళీ దొరికితే వచ్చి పక్కన కూర్చుని గుర్తులు వల్లె వేస్తాడు. ఇంకా మొగలి డొంక దగ్గర తడబడతాడు.

చదివినవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. ఆ ప్రకటన మీ ఫోనుకు వస్తే, పంపే ముందు కింద "ఇది మొగలిపాడు వారి దారి పాట" అని రాయండి. స్టూడియోలు నడిపేవాళ్లు, ప్రకటనలు రాసేవాళ్లు పాట తీసుకునే ముందు దాన్ని ఎప్పుడు పాడతారో అడగండి, ఊరి పేరు ఉంచండి, సంతకం పెట్టించే కాగితాన్ని పాడినామె వైపువాళ్లలో ఒకరి చేత చదివించండి. మీ ఇంట్లో ఫ్యాక్టరీకో, పోర్టుకో ఊరిచ్చేసిన పెద్దలుంటే ఈరోజే పక్కన కూర్చుని వాళ్ల గట్ల పేర్లు, రేవుల పేర్లు అడిగి నేర్చుకోండి. గాజువాక వైపు వెళ్తే అసిరమ్మ దగ్గర కాసేపు ఆగండి. బదులు నేర్పమనండి. ఆమెకు ముంజల బేరం కంటే ఆ మాట ఎక్కువ సంతోషం. ఆమెకు దారి అడిగే గొంతు, బదులు చెప్పే గొంతు రెండూ కావాలి. ఆలస్యం చేయకండి.