జమ్ములమ్మ తేనెపిట్ట

మగ్గం గుంటలోకి కాళ్లు దించితే చాలు, జమ్ములమ్మ ఒళ్లు సగం నేలలోకి, సగం కలలోకి జారినట్టుంటుంది. అంచు నేసేటప్పుడు కింది పెదవిని లోపలికి మడుచుకుంటుంది. తెగిన పోగును నాలుకతో తడిపి ముడేస్తుంది. గద్వాలలోని ఆ ఇరుకు ఇంటి కిటికీ బయట, వేలాడే తాడుకు ఈసారి తేనెపిట్ట గూడు కట్టింది. ఆమె పారేసిన పట్టుపోగులు కూడా అందులో అల్లుకుంది.

మొన్న పొద్దున గాలికి గూడు తెగిపడింది. కళ్లు తెరవని రెండు పిల్లలు. జమ్ములమ్మ వాటిని అరచేతుల్లో వెచ్చబెట్టి, గూటిని మళ్లీ ఆ తాడుకే కట్టింది. తల్లి బెదురుతుందని మగ్గం ఆపేసింది. గంట గడిచింది. తల్లి ఎదురుగోడ దాకా వచ్చి తిరిగి పోతోంది. పిల్లలు నోళ్లు తెరవడం కూడా తగ్గింది.

"అత్తా, జర చక్కెర నీళ్లన్న పొయ్యాల్నా?" అంది కోడలు స్రవంతి.

"వద్దు, గొంతుల పడ్తయ్. తల్లే పెట్టాలె. ఇంత నిమ్మళంగ ఉన్నా ఎందుకు వస్తలేదో తెల్వదు."

అన్నాక ఆ నిశ్శబ్దం ఆమెకే కొత్తగా తోచింది. ఆ పిట్ట గూడు అల్లినన్నాళ్లూ మగ్గం ఆడుతూనే ఉంది. గుంటలోకి దిగి, అడ్డపోగు నడిపే నాడెను అటూ ఇటూ విసిరింది. టక్, టక్. వేలెడు నేత సాగకముందే, ముక్కున సాలీడుతో తల్లి గూటిమీద వాలింది.

మధ్యాహ్నమైనా జమ్ములమ్మ లేవలేదు. స్రవంతి బువ్వ కలుపుకొచ్చి గుంట అంచున కూర్చుంటే, చేతులు ఆపకుండా నోరు తెరిచింది.