నా లిస్టులో లేని బుష్

మా కారు చప్పుడు చేయడం మొదలుపెట్టాక అమ్మ ఆటోలో వెళ్లడం మొదలుపెట్టింది.

అంతకుముందు రోజూ ఉదయం ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆమెను నేనే దింపేవాణ్ణి. అక్కడొక కోచింగ్ సెంటర్లో ఆమె లెక్కలు చెబుతుంది. ఇంట్లో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. కార్లో ఆ ఇరవై నిమిషాలూ మాత్రం ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు మా కాలనీ మలుపులో స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ఆమె కాళ్ల కింద ‘ఠక్’మంది. మర్నాడు మళ్లీ. మూడోనాడు, “చక్రం ఊడిపోతుందేమోరా, నేను ఆటోలో వెళ్తాలే” అంది. ఆటోలో కుదుపు ఇంకా ఎక్కువని ఆమెకు తెలుసు. కానీ మా కారులా ఆటోకు రిపేర్లు చేసేది నేను కాదు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని అనుమానం ఉన్నవన్నీ రాశాను. షాక్ అబ్జార్బర్, దాని పైన ఉండే మౌంట్, బాల్ జాయింట్, లింక్ రాడ్, స్టీరింగ్ రాడ్. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు ఒక్కసారి లేచి ఆగిపోయింది. అంటే షాక్ అబ్జార్బర్ బాగానే ఉంది, కొట్టేశాను. చక్రాన్ని గాల్లోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపాను. కదల్లేదు, బాల్ జాయింట్ కొట్టేశాను. పక్కలకు ఊపితే స్టీరింగ్ రాడ్ కూడా గట్టిగానే ఉంది. మౌంట్ మీద చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పించాను, ఏమీ లేదు. లింక్ రాడ్ కాస్త వదులైనట్టనిపించి కొత్తది వేశాను. ఆ సాయంత్రం అదే మలుపు, అదే ‘ఠక్’.

లిస్టులో ఇంకేమీ మిగల్లేదు. ఆదివారం ఆ కాగితం జేబులో పెట్టుకుని కారును మన్సూరాబాద్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్‌కు యాభై ఏళ్లుంటాయి. కాగితం తీసుకుని చివరిదాకా చదివాడు.

“మంచిగ రాసినవ్ తమ్మీ. మరి లోయర్ ఆర్మ్ బుష్ ఏది?”

“అవి కొత్తవన్నా. నాలుగు నెలలే అయింది.”

“ఎవరేసిండ్రు?”

“నేనే.”

“గందుకే చిట్టీల లేదు” అని నవ్వి, ఎడమవైపు డోరు తీశాడు. చెప్పులు బయటే విడిచి, కాళ్ల కింది మ్యాట్ తీసి వెనక సీట్లో పడేసి, ఉత్త పాదాలు ఇనుప రేకు మీద ఆనించి కూర్చున్నాడు. “నడుపు. పాటలు బంద్. నువ్వు గూడ బంద్.”

గల్లీలో స్పీడ్ బ్రేకర్ మూడుసార్లు ఎక్కించాడు, రెండుసార్లు బ్రేక్ వేయించాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను చెవులతో వెతుకుతున్నదాన్ని ఈయన పాదాలతో వెతుకుతున్నాడని అప్పుడు అర్థమైంది. “ఎడమ మడమ కింద తంతుంది. చలో వాపస్” అన్నాడు.

చక్రాన్ని బండి ఒంటికి కలిపే ఇనుప చేయి లోయర్ ఆర్మ్. ఆ చేయి బండికి అతుక్కుని తిరిగే చోట రబ్బరు దిమ్మె ఉంటుంది, అదే బుష్. పొడుగాటి రాడ్ పెట్టి లేపగానే నా కొత్త బుష్ నోరు తెరిచింది. రబ్బరు సగానికి చిరిగిపోయి ఉంది.

“జాకీ మీదనే బిగించినవా?”

“అవును. సెల్లార్లో.”

ఆయన నా అరచేయి పట్టుకుని మణికట్టు కొంచెం తిప్పి అలాగే పట్టుకున్నాడు. “నొప్పి లేదు గద? గిట్లనే నాలుగు నెలలుండు.”

చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. బండి నేలకు దిగిన క్షణం నుంచి అది మెలితిరిగే ఉంటుంది. పరీక్షలో అడిగితే ఒక పేజీ రాసి ఉండేవాణ్ణి. సెల్లార్లో గుర్తే రాలేదు.

కొత్త బుష్‌లు వేశాక బోల్టులు వదులుగానే ఉంచి, కారును నాలుగు చక్రాల మీద, షెడ్డులో కిందికి దిగి పని చేసే గుంత పైకి తెప్పించాడు. తను గుంతలోకి దిగుతూ అడిగాడు. “దీంట్ల రోజు ఎవరెవరు కూసుంటరు?”

“నేనూ మా అమ్మా. ఇప్పుడామె ఎక్కడం లేదు.”

“పిలువు.”

“ఒక మనిషి బరువుకు పెద్ద తేడా రాదన్నా. ఒకటి రెండు డిగ్రీలు, అంతే.”

“రాకపాయె. బిగించేటప్పుడు ఎంత బరువుందో రబ్బర్‌కు గంతే యాదికుంటది. పిలువు.”

అమ్మ ఆటో దిగి వచ్చింది. చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట, ఎర్ర పెన్ను. “నేను కూర్చుంటే బోల్టు బిగుసుకోవడమేంట్రా?” అని, గుంతలోకి తొంగి చూసి, “ఏవండీ, మీరు కిందుండగా ఎక్కొచ్చా?” అంది.

“ఎక్కక్కా. పెండ్లిపీటల మీద కూసున్నట్టు కదలకుండ కూసో.”

“మావాడు చదివింది ఇదేనండీ, నాలుగేళ్లు.”

“సదివిండక్కా. సదివి గాలిల బిగించిండు.”

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను. మా కింద పానా కిర్రుమన్నప్పుడల్లా ఆమె, “ఇదేంటి? ఇప్పుడేం చేశారు?” అని అడిగింది. ఆయన గుంతలోంచే ఒక్కొక్కటీ చెప్పాడు. పిల్లల్ని ప్రశ్నలడిగే గొంతుతో ఆమె ఎదురు ప్రశ్నలేసింది. ఆ పదిహేను నిమిషాల్లో ఒక్క పేపరూ దిద్దలేదు.

పని అయ్యాక ఆటో కోసం చూస్తుందేమో అనుకున్నాను. సీట్లోంచి కదల్లేదు. దారిలో జరిగిందంతా చెబుతుంటే, “ఆయన చెప్పులెందుకు విప్పాడన్నావ్?” అని అడిగింది. చెప్పాను.

మా కాలనీ మలుపు వచ్చింది. ఆమె ఒక చేత్తో డోర్ హ్యాండిల్ పట్టుకుంది. రెండో చేత్తో చెప్పులు పక్కకు జరిపి, పాదాలు రేకు మీద ఆనించి, కళ్లు మూసుకుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కాం, దిగాం.

“ఏమీ రాలేదురా” అంది, కాస్త నిరాశగా. “ఇంకోసారి పోనియ్.”

వెనక్కి తిప్పి ఇంకోసారి పోనిచ్చాను. హ్యాండిల్ మీది చెయ్యి పేపర్ల మీదకు వచ్చింది.

“రేపు ఎనిమిదింటికల్లా కిందుంటా. ఆ మ్యాట్ అప్పుడే వేసెయ్యకు” అంది.