తెలియదని చెప్పే ప్రోగ్రాం

మాస్టారు పోయారని వాళ్ళావిడ, మా పిన్నిగారు, ఫోన్ చేసి చెప్పారు. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచిపెట్టి, కుర్చీలో అలాగే ఒరిగిపోయారట. నరసరావుపేటలో మా వీధి చివరి ఇల్లే వాళ్ళది. వెళ్ళి చూసి, కాసేపు పిన్నిగారి పక్కన కూర్చుని, ఇంటికొచ్చాక ఆయన ఇన్నేళ్ళూ చూసుకున్న ప్రాజెక్టు పేజీలో ఆయన ఇక లేరని నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన మొదటి జవాబు ఇది: "చాలా బాధాకరం. ఇంతకీ నా మార్పును ఇప్పుడు ఎవరు ఆమోదిస్తారు?" పక్కన చేతులు జోడించిన బొమ్మ. ఛీ! శవం ఇంకా ఇంట్లోనే ఉంది.

ఆ రోత ఇంకా పోలేదు. దాంతోనే ఇది రాస్తున్నాను. తీయటి మాటలు కావలసినవాళ్ళకు ఆ పేజీలో బోలెడున్నాయి.

మాస్టారు పాలిటెక్నిక్‌లో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని, అంటే ఎవరైనా ఉచితంగా తమ ప్రోగ్రాంలో కలుపుకోగల కోడ్‌ను, నెత్తినేసుకున్నారు. నల్ల తెర మీద ప్రోగ్రాం పేరు కొట్టి, పక్కన ఇది చెయ్యి, అది వద్దు అని ఆప్షన్లు రాస్తాం కదా, ఆ మాటల్ని విడదీసి ప్రోగ్రాంకు అర్థమయ్యేలా అందించే లైబ్రరీ అది. ఎవరైనా దానికి మార్పు రాసి పంపొచ్చు. చూసి ఒప్పుకోవడమో, తిప్పి పంపడమో మాస్టారి పని. తర్వాత నన్నూ అందులోకి లాగారు. ఒప్పుకునే హక్కు మా ఇద్దరికే ఉండేది.

ఆయన పద్ధతే వేరు. ముందు కోడ్ చదివేవారు కాదు. "ఏమే, ఇట్రా" అని పిన్నిగారిని పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టేవారు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేవారు.

"ఏం కొట్టమంటారు?"

"నీకేది తోస్తే అది. తప్పు కొడితే ఇంకా మంచిది."

"బాగుంది! ఒప్పులకేమో మీ శిష్యురాలు, తప్పులకి నేనూనా?" అని దెప్పుతూనే ఏదో ఒకటి కొట్టేవారు. దానికి ప్రోగ్రాం ఏం చేసిందో చూశాకే మాస్టారు కోడ్ తెరిచేవారు. "రాసినోడు ఒప్పుగానే కొడతాడమ్మాయ్, ఆడికి దారి తెలుసు గదా. తెలీనోళ్ళు కొడితే ఏమైద్దో మనం చూడాల" అనేవారు నాతో.

పేజీలో ఆ జవాబు రాసిన పెద్దమనిషి ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరు. అతని మార్పు ఏమిటంటే, తెలియని ఆప్షన్ వస్తే ప్రోగ్రాం నోరెత్తకుండా దాన్ని వదిలేసి, పని కానిచ్చెయ్యాలి. వాళ్ళ కంపెనీ రాసిపెట్టుకున్న పాత ఆదేశాల స్క్రిప్టుల నిండా ఎప్పుడో తీసేసిన ఆప్షన్లే. వాటిని శుభ్రం చేసుకోవడానికి బద్ధకం. తన వాకిలి ఊడ్చుకోకుండా వీధి వీధంతా ముక్కు మూసుకోమన్నట్టు! మాస్టారు ప్రతిసారీ ఓపికగా కారణం రాసి తిప్పి పంపేవారు. "పెద్దవారు, కాలంతో పాటు మారాలి సార్" అని రాశాడొకసారి. మాస్టారు నవ్వారు గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన పట్టుదల వెనుక ఒక మధ్యాహ్నం ఉంది. రెంటచింతలలో ఫోటో స్టూడియో నడిపే ఆయన పాత విద్యార్థి ఒకతను, ఎండన పడి హార్డ్ డిస్కు పట్టుకుని వచ్చాడు. పాత ఫైళ్ళు తీసేసే ఏదో ప్రోగ్రాం వాడుతూ, "ఊరికే చూపించు, తీసెయ్యకు" అనే ఆప్షన్ ఇచ్చానని ధీమాగా ఉన్నాడు. ఆ ప్రోగ్రాంలో అసలు ఆ ఆప్షనే లేదు. లేదని చెప్పకుండా, ఆ మాట వదిలేసి అది అన్నీ తీసేసింది. అందులో చర్చిలో జరిగిన ఒక పెళ్ళి ఫోటోలన్నీ పోయాయి.

"పెళ్ళైన నెలకే ఆ పెళ్ళికూతురి నాయన చచ్చిపోయాడు మాస్టారూ. ఆ పిల్లకి నేనేం చెప్పేది?" అని ఏడ్చాడు. మాస్టారు ఎంత తంటాలు పడ్డా వాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ తర్వాతే మా లైబ్రరీలో రెండు వాక్యాలు చేర్చారు. తెలియని ఆప్షన్ వస్తే ప్రోగ్రాం ఆగిపోయి వాటిని చూపాలి. ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ పెట్టారు: "ఈ మాట నాకు తెలియదు. ఏ పనీ చేయలేదు." రెండో వాక్యం ఎందుకండీ అని అడిగాను. "తప్పు కొట్టామని తెలియంగానే చానా భయపడతారమ్మాయ్. ఏం కాలేదని అదే చెప్పాల" అన్నారు.

ఇప్పుడు ఆ రెండు వాక్యాలనీ తీసేసే మార్పును ఆ మహానుభావుడు మళ్ళీ పంపాడు. ఈసారి పైన మాస్టారి ఫోటో, కింద "గురువుగారి స్మృతికి అంకితం". బతికుండగా ఆయన వద్దన్నదాన్నే, పోయాక ఆయన బొమ్మ అడ్డం పెట్టుకుని తెచ్చాడు! కింద లైకుల మీద లైకులు. కాదంటే పోయిన మనిషిని నేను అవమానించినట్టు. పైగా ఫోన్ కూడా చేశాడు.

"మేడం, అందరూ ఎమోషనల్‌గా ఉన్నారు. ఒక్క బటనే కదా."

"ఆయనకి ఇష్టం లేనిదానికి ఆయన పేరు పెట్టావే, సిగ్గనిపించలా నీకు?" అని పెట్టేశాను. కానీ ఒప్పుకునే హక్కున్నది ఇక నాకొక్కదానికే. ఎవరిని అడగను?

పెద్దకర్మ అయ్యాక ల్యాప్‌టాప్ తీసుకుని పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పాను. "మీ మాస్టారయితే ఏం చేసేవారు?" అన్నారావిడ.

"ముందు మిమ్మల్ని పిలిచేవారు."

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నారు. పనికిరాని ఫైళ్ళు కొన్ని ఒక ఫోల్డర్లో పెట్టి, మా లైబ్రరీతో నడిచే ఒక ప్రోగ్రాంను కొత్త మార్పు కలిపి తెరిచి, ఇది ఫైళ్ళు తీసేసేదని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఆప్షన్ రాసేచోట "వద్దు" అని కొట్టారు. చడీచప్పుడూ లేదు. ఫోల్డర్ తెరిచి చూస్తే ఖాళీ.

"ఏందమ్మా ఇది? వద్దన్నా చేసేసిందే!"

ఆ మాటే ఉన్నదున్నట్టు కారణంగా రాసి, మార్పును తిప్పి పంపేశాను. ఇక ఎవరేమనుకున్నా సరే.

పిన్నిగారు లేవలేదు. "మీ మాస్టారిది పెట్టు" అన్నారు. ఫైళ్ళు మళ్ళీ పెట్టి, పాతది తెరిచాను. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మళ్ళీ "వద్దు" అని కొట్టారు.

ఈ మాట నాకు తెలియదు. ఏ పనీ చేయలేదు.

ఆవిడ కొంగుతో తెర మీద దుమ్ము తుడిచి, ఆ రెండు వాక్యాలనీ వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివారు.