షెడ్డు తలుపుకు అమ్మ పెట్టిన గుంజ

నిన్న ఉదయం మా మనవడి కారు షెడ్డు షట్టరు మొరాయించింది. చూడడానికి వచ్చిన మెకానిక్ లోపలి స్ప్రింగు విరిగిందని, కొత్తది తెచ్చేసరికి సాయంత్రమవుతుందని చెప్పి వెళ్లిపోయాడు. ఆఫీసుకు వేళ మించిపోతోందని వాడు షట్టరును చేతులతోనే పైకెత్తి, భార్యను పిలిచి, కారు బయటికి తీసేదాకా కాస్త పట్టుకోమన్నాడు. ఆ 'కాస్త పట్టుకో' చెవిన పడగానే ఎనభై దాటిన నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చి ఇల్లదిరేలా అరిచాను. వాడు బిత్తరపోయాడు. ఆ కోపం వయసు వాడి వయసుకు రెండింతలని వాడికేం తెలుసు?

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి, పెట్రోలు కూపన్ల కాలం, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. తిరుపతిలో మా వీధి మొత్తానికి ఒకటే మోటారు కారు, అది మా పెదనాయనది. దానికొక షెడ్డు, ఆ షెడ్డుకు మద్రాసు నుంచి తెప్పించిన స్ప్రింగు తలుపు. కాస్త తోస్తే చాలు, ఇనుప రేకు గరగరమంటూ పైకి చుట్టుకుపోయి అక్కడే నిలిచేది. కొండకు వచ్చిన చుట్టాలను అలిపిరి దగ్గర దించడానికి బయలుదేరే ముందు, పెదనాయన ఆ తలుపును ఎత్తి దించి, మళ్లీ ఎత్తి చూపిస్తేగానీ వాళ్లను కారెక్కనిచ్చేవాడు కాదు. శుక్రవారం వస్తే కారుకూ తలుపుకూ పసుపు కుంకుమలు. పెట్టేది మా అమ్మ.

ఒకనాడు ఆ స్ప్రింగు తెగింది. యుద్ధం వల్ల మద్రాసులోనూ కొత్తది దొరకలేదు. పెదనాయన తానే నిచ్చెనెక్కి, తెగిన కొసలు రెండూ వంచి ఒకదానికొకటి తగిలించి, బాగైపోయిందని వీధంతా చాటుకున్నాడు. ఏం బాగు, నా తలకాయ బాగు! తలుపు పైకి పోయేది గానీ నిలిచేది కాదు. ఒక గుంజ ఆనిస్తే తీరిపోయే పని. కానీ మద్రాసు తలుపుకు గుంజ పెడితే వీధిలో తలెత్తుకోలేడట. స్టీరింగు దగ్గర ఆయన, బండి ముందు నిలబడి ఇంజను స్టార్టయ్యేదాకా హ్యాండిల్ తిప్పేది నాయన, పెద్దమ్మ లేని ఆ ఇంట్లో ఇక మిగిలింది అమ్మే కాబట్టి, ఆమె లోపల చీకట్లో, బయటివాళ్లకు కనపడకుండా ఓ మూల నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఆ ఇనుమును మోసేది. గుంజకు లేని ఓర్పు ఆమెకుందని కాబోలు! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒక ఉదయం ఆ స్ప్రింగు ముడి ఊడింది. తలుపు కారు వెనక భాగాన్ని గీరుకుంటూ దభీమని పడింది, అమ్మ కుడిచేతి వేళ్లు రెండు దాని కింద గడపరాతి మీద నలిగిపోయాయి. ఆమె కేక విని పెదనాయన దిగాడు. దిగి, కారు వెనక్కి పోయి, రంగు మీద అరచేత్తో తడిమి, "బండికేం కాలేదు లేరా, గీత పడిండాది అంతే" అన్నాడు తమ్ముడితో. నాయన తలుపెత్తి అమ్మ చేయి బయటికి తీశాడు గానీ అన్నను పల్లెత్తు మాట అనలేదు. పెదనాయన మీద కోపమైనా ఎప్పుడో కాస్త చల్లారింది, నాయన మౌనం మీద మాత్రం నాకు ఈనాటికీ చల్లారలేదు.

అమ్మ చేతికి కట్టు విప్పకముందే పెదనాయన స్ప్రింగును మళ్లీ తగిలించాడు. చుట్టాలొచ్చారు, కారు తీయాలి, అమ్మకు పిలుపొచ్చింది. ఆమె వచ్చింది, పెరట్లోని పందిరి గుంజ ఒకటి ఈడ్చుకుంటూ. దానికి నిలువునా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. చుట్టాలందరూ చూస్తుండగా దాన్ని తలుపు కింద నిలబెట్టి, ఏనాడూ బావగారి ఎదుట నోరు విప్పని మనిషి, ఆయన ముఖంలోకి చూసి చెప్పింది.

"ఇంక నేను పట్టను బావా. ఇది పడతాది. నలిగేదానికి దీనికి వేళ్లు లేవు."

తియ్యమని పెదనాయన గద్దించాడు, ముఖం కందగడ్డ చేసుకున్నాడు. అమ్మ కదల్లేదు. చివరికి కారు ఆ గుంజ పక్కనుంచే బయటికి పోయింది. యుద్ధం ముగిసి కొత్త స్ప్రింగు వచ్చేదాకా గుంజ అక్కడే ఉంది, శుక్రవారాలు పసుపు కుంకుమలు దానికే. కానీ ఆ రెండు వేళ్లూ మళ్లీ వంగలేదు, పోయేదాకా అమ్మ మిగిలిన వేళ్లతోనే అన్నం కలుపుకుంది.

ఇప్పుడు తలుపులు మీట నొక్కితే లేస్తాయి, ఆడపిల్లలు కార్లు నడుపుతున్నారు, కోడళ్లు బావగార్ల పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నారు. లోకం చాలా మారిందనే అనుకుంటూ వచ్చాను, నిన్న ఆ పిల్ల షట్టరు కింద చేతులెత్తబోయేదాకా. నేను అరిచింది ఒక్కటే, "గుంజ తేరా!" అని.

"గుంజంటే ఏంది అవ్వా?" అన్నాడు మనవడు.

ఆ పిల్ల మాత్రం నా ముఖం చూసి, ఎత్తబోయిన చేతులు దించుకుని, వచ్చి నా పక్కన నిలబడింది. షట్టరు వాడి చేతుల్లోనే ఉండిపోయింది.