టీ పెట్టని రోజు

హాజెర్ ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి కుళాయి బాగుచేసేవాడైనా సరే, టీ తాగకుండా గడప దాటింది లేదు. చేపల ఫ్యాక్టరీలో పని దొరికిన మొగుడు టర్కీ నుంచి డెన్మార్క్‌కు పిలిపించుకున్నప్పుడు ఆమె వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ అలవాటొక్కటే. ఆ తర్వాత ఏళ్ల తరబడి బళ్లో నేలలు తుడిచింది. తోటి డేనిష్ ఆడవాళ్లు 'మా పన్నులు తినడానికొచ్చారు' అని చెవిన పడేట్టు అన్నప్పుడల్లా పళ్లు బిగించి ఇంకో గది ఎక్కువ తుడిచింది. మొగుణ్ణి ఇక్కడి మట్టిలోనే కప్పెట్టింది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. స్నానానికీ, బట్టలు మార్చుకోవడానికీ కూతురు గుల్టెనే దిక్కు. సెలవులు పెట్టీ పెట్టీ గుల్టెన్ ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. సాయానికి మనిషిని పంపమని మునిసిపాలిటీని వేడుకుంటే, ముసలామె పరిస్థితి చూసి పోవడానికి కిర్‌స్టెన్ అనే ఉద్యోగిని వస్తానంది.

ఆ రోజు హాజెర్ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? నొప్పి మాత్రలు రెట్టింపు మింగి, గోడ పట్టుకుని నిలబడి, జున్ను రొట్టె కాల్చింది. జరీ తలగుడ్డ కట్టుకుంది. గుల్టెన్ పని నుంచి పరుగున వచ్చేసరికి మెట్ల మీదే ఆ వాసన తగిలి, పని చెడిందని అర్థమైపోయింది. లోపల అమ్మ నిలబడి టీ పోస్తోంది. కిర్‌స్టెన్ ఏమడిగినా, దేవుడి దయవల్ల తనకేం లోటు లేదంటోంది. ఆ పిల్ల కడుపునిండా తిని, మెచ్చుకుని, సాయం అక్కర్లేదని తేల్చి వెళ్లిపోయింది. తలుపు పడగానే హాజెర్ కుర్చీలో కూలబడింది.

"నీ మర్యాద నా ఉద్యోగం మింగేసేలా ఉందమ్మా," అంది గుల్టెన్.

"ఇంటికొచ్చిన పిల్ల ముందు మూలుగుతూ పడుకోమంటావా?"

"పడుకోవే అమ్మా. ఈసారికి నాకోసం పడుకో."

గుల్టెన్ బతిమాలితే కిర్‌స్టెన్ మళ్లీ వచ్చింది. హాజెర్ తల దువ్వుకోకుండా, నలిగిన గౌనుతో మంచంలోనే ఉంది. వంటింటి తలుపు గుల్టెన్ ముందే వేసేసింది. పోయినసారి రొట్టె రుచి ఇంకా నోట్లోనే ఉందని ఆ పిల్ల నవ్వుతూ చెబుతుంటే హాజెర్ మొహం గోడవైపు తిప్పుకుంది. లేవగలరా అంటే లేవలేనంది. టీ కాచుకోగలరా అని అడిగితే, గోడకేసే చూస్తూ, చేతకాదంది. కిర్‌స్టెన్ వట్టి నోటితో వెళ్లింది. సాయం మంజూరైంది.

గుల్టెన్ ఉద్యోగం నిలబడింది. రోజూ పొద్దున్నే మునిసిపాలిటీ మనిషి వస్తోంది, ఒళ్లు తుడుస్తోంది, పోతోంది. ఆమె పేరేమిటో కూడా హాజెర్ అడగలేదు. రంజాన్ పండక్కి ఇరుగుపొరుగు టర్కీ వాళ్లు ఆనవాయితీగా పెద్దావిడ చెయ్యి ముద్దుపెట్టుకోవడానికొస్తే మంచం దిగలేదు. అందరూ వెళ్లాక గుల్టెన్ పక్కన కూర్చుంది.

"కాసేపు కుర్చీలో కూర్చోవచ్చు కదమ్మా. నేను పట్టుకునేదాన్నిగా."

"చేతకాదని నా నోటితోనే చెప్పించావు కదా తల్లీ," అంది హాజెర్ కోపం లేకుండా. "ఇప్పుడు నిజంగానే చేతకావట్లేదు."